పళ్లికరణై పక్కన ఫ్లాట్: అడ్వాన్స్ ఇచ్చే ముందు తెలిసినవాళ్లు చెప్పండి

వేలచ్చేరి గృహిణి | శనివారం, ఉదయం 7.20

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. మావారి ఉద్యోగం వల్ల పదకొండేళ్లుగా చెన్నై వేలచ్చేరిలో అద్దెకు ఉంటున్నాం. 2015 డిసెంబరు వరదకీ ఇక్కడే ఉన్నాం, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకీ ఇక్కడే ఉన్నాం. రెండోసారి మాది గ్రౌండ్ ఫ్లోర్. తెల్లవారుజామున లేచి కాలు కింద పెడితే చీలమండ దాకా నీళ్లు. గంటన్నరలో మంచం మునిగింది. ఫ్రిజ్ పక్కకి ఒరిగి తేలింది. తాగునీటి సంపులోకి మురుగు దిగిపోయింది. నాలుగు రోజులు కరెంటు లేదు. గోడ మీద నా నడుము ఎత్తున ఒక నల్లటి గీత మిగిలింది. ఇంటి ఓనరు రెండుసార్లు సున్నం వేయించారు, అయినా వర్షాకాలం వస్తే ఆ గీత మళ్లీ బయటికొస్తుంది.

ఇప్పుడు సొంత ఇల్లు కొనుక్కుందామని చూస్తున్నాం. పళ్లికరణై వైపు ఒక రెండు బెడ్‌రూముల ఫ్లాట్ నచ్చింది. మిగతాచోట్ల కంటే పదిహేను లక్షలు తక్కువ. బాల్కనీలోంచి చూస్తే జమ్ము, నీళ్లు, కొంగలు. "ఆరడుగులు మట్టి పోసి ఎత్తు చేశామమ్మా, చుక్క నీరు రాదు, పట్టా భూమి" అని ఆఫీసులో అబ్బాయి చెప్పాడు. వచ్చే నెల మొదట్లో అడ్వాన్స్ ఇవ్వాలి. మావారు సరే అంటున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. ఆ నీళ్ల చోటుని రామ్‌సర్ అంటారట, దాని సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఓఎంఆర్ టెస్టర్ | శనివారం, ఉదయం 8.05

అక్కా, నేను అటువైపే నాలుగో అంతస్తులో ఉంటాను. ఇరవై ఏళ్ల లోన్. మా ఫ్లాట్‌లోకి నీళ్లు రాలేదు. మూడు రోజులు బయటికి రాలేకపోయాం, అంతే. చెన్నైలో వాన పడితే ఎక్కడైనా ఇదే పరిస్థితి. ఎవరో భయపెట్టారని మంచి ఫ్లాట్ వదులుకోకండి.

నేలా పునాదీ | శనివారం, ఉదయం 9.40

అమ్మా, నేను సివిల్ ఇంజినీర్ని. పునాదుల కోసం నేల పరీక్షలు చేయడం నా పని. ఈ చుట్టుపక్కల చాలాచోట్ల బోరు వేసి మట్టి తీశాను. పైన ఆరడుగులు ఎర్రమట్టి, కూల్చిన ఇళ్ల శిథిలాలు. దాని కింద నల్లటి బంకమట్టి. పిడికిట్లోకి తీసుకుని నొక్కితే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అందులో కుళ్లిన జమ్ము వేళ్ల వాసన. పైల్స్ దింపి దానిమీద బిల్డింగ్ నిలబెట్టొచ్చు, అది పడిపోదు. నీళ్ల సంగతి వేరు.

మీరున్న చోటికి నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. సెంబాక్కం చెరువు నిండితే నన్మంగళం, అక్కడినుంచి కీళ్కట్టలై, ఆ తర్వాత నారాయణపురం, చివరికి పళ్లికరణై. మన రాయలసీమలోనూ తెలంగాణలోనూ ఉన్న గొలుసుకట్టు చెరువుల్లాంటివే ఇవి. ఒకదాని అలుగు పారితే ఇంకోదానికి నీళ్లు. ఇలాంటి గొలుసులు కొన్ని కలిసి దక్షిణ చెన్నైలో సుమారు 250 చదరపు కిలోమీటర్ల వాననీళ్లని ఈ ఒక్క బురదనేలకి తెచ్చి పోస్తాయి. బయటికి పోవడానికి ముఖ్యమైన దారి ఒక్కటే, ఒక్కియం మడువు. అక్కడినుంచి బకింగ్‌హామ్ కాలువ, ఆపైన కోవళం దగ్గర సముద్రం.

ఒక చిన్న లెక్క చేద్దాం. 250 చదరపు కిలోమీటర్ల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 2,500 కోట్ల లీటర్లు. ఒకప్పుడు ఈ చిత్తడి నేల ఐదు వేల హెక్టార్ల పైమాటే. ఆ నీళ్లన్నీ ఒకేసారి వచ్చినా అంత నేలలో అర మీటరు లోతున పరుచుకుంటాయి. 2022లో రామ్‌సర్ జాబితాకెక్కినప్పుడు చూపించిన విస్తీర్ణం 1,248 హెక్టార్లు. అవే నీళ్లు ఇందులో పడితే రెండు మీటర్ల లోతు. కొంత ఇంకుతుంది, కొంత పారిపోతుంది, నిజమే. కానీ 2015 డిసెంబరు మొదట్లో తాంబరంలో ఇరవై నాలుగు గంటల్లో 49 సెంటీమీటర్లు పడింది. తాంబరం దీనికి ఎగువన ఉంది.

ఇక ఆరడుగుల మట్టి. ఒక ఎకరంలో ఒక్క అడుగు లోతు నీటి చోటు పూడిస్తే 12 లక్షల లీటర్ల నీళ్లకి నిలువ నీడ పోయినట్టే. మీ ఫ్లాట్ ఎత్తు చేశారంటే అక్కడ నిలబడాల్సిన నీళ్లు పక్క వీధిలోకి వెళ్లాయని అర్థం. ఇప్పుడు మీరు అద్దెకున్న ఇంట్లోకి వచ్చిన నీళ్లలో ఇలా ఎవరి ప్లాటో తోసేసినవి కూడా ఉన్నాయి.

కొల్లేటి ఆడపడుచు | శనివారం, ఉదయం 11.15

పై లెక్క చదువుతుంటే మా ఊరే కళ్లముందు కనిపించింది. మాది కైకలూరు దగ్గర లంక గ్రామం. పెళ్లయ్యాక మడిపాక్కం వచ్చాను. పళ్లికరణైకి ఒక్కియం మడువు ఎలాగో మా కొల్లేరుకి ఉప్పుటేరు అలాగ. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేరు మింగి, నెమ్మదిగా ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలిపెడుతుంది. చిన్నప్పుడు మా తాత దోనె మీద తీసుకెళ్లేవాడు. నీళ్లు తేటగా ఉండి అడుగున నాచు కదలడం కనిపించేది. కొర్రమేను, ఇంగిలాయి, మట్టగిడస దొరికేవి. నేను హైస్కూలుకి వచ్చేసరికి ఎటు చూసినా చేపల చెరువుల గట్లే. కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టించింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా చిన్నాన్న వాటా చెరువు కూడా అందులో ఉంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత్తర్వాత తెలిసింది, గట్లు వేసిన పెద్దవాళ్లకి వేరే వ్యాపారాలు ఉన్నాయి, మా చిన్నాన్నకి అదొక్కటే. తర్వాత గట్లు మళ్లీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్క కూతురు డాబా మీద ఒక రాత్రీ ఒక పగలూ కూర్చుంది. బుడమేరు దారిలో ఇళ్లు లేచాయి, కింద కొల్లేరులో గట్లు లేచాయి. మరి నీళ్లు ఎక్కడికి పోవాలి? సొంత ఇల్లు ఉండాలని ఎవరికి ఉండదు తల్లీ. ఆ బాల్కనీ చూసి మాత్రం మనసు పారేసుకోకండి.

ఓఎంఆర్ టెస్టర్ | శనివారం, మధ్యాహ్నం 12.50

లెక్కలు బాగున్నాయి. కానీ ఒక మాట అడుగుతాను. పెరుంగుడిలో చెత్త దిబ్బ వేసింది ఎవరు? రోడ్డు వేసింది ఎవరు? రైల్వే స్టేషన్, ప్రభుత్వ సంస్థలు, ఐటీ పార్కులు అన్నీ వచ్చాక చివర్లో జీతం మీద బతికే మనం ఒక ఫ్లాట్ కొంటే మనమే ఆక్రమణదారులమా? నాకు అనుమతి కాగితాలున్నాయి, బ్యాంకు చూసింది, రిజిస్ట్రేషన్ అయింది. రేపు ఎవరో వచ్చి ఇది చిత్తడి నేల అంటే నా ఇరవై ఏళ్లు ఎవరిస్తారు? ఊళ్లో అమ్మానాన్నల పొలం అమ్మి కట్టాను. కొంగల కోసం నా పిల్లలు రోడ్డున పడాలా?

మోడరేటర్ | శనివారం, మధ్యాహ్నం 1.10

బిల్డర్ల పేర్లు, ప్రాజెక్టుల పేర్లు ఇక్కడ రాయొద్దు. ఒక సభ్యుడి పోస్టులోంచి పేరు తీసేశాం. చర్చ కొనసాగించండి.

పెరంబూరు తాతయ్య | శనివారం, సాయంత్రం 4.30

బాబూ, నీ బాధలో న్యాయముంది. నాకు 78 ఏళ్లు. నాన్నగారు రైల్వేలో చేసేవారు, నేను పుట్టింది ఈ ఊళ్లోనే. నీళ్ల మీద ఇళ్లు కట్టడం ఈ ఊరికి కొత్త కాదు. మన సినిమావాళ్లంతా ఒకప్పుడు కాపురమున్న టీ నగర్ ఉంది చూశావూ, అది లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువుని 1920ల్లో ఎండగట్టి వేసిన పేట. వళ్లువర్ కోట్టం ఉన్నది నుంగంబాక్కం చెరువులో. వెస్ట్ మాంబలంలో లేక్ వ్యూ రోడ్డని ఇప్పటికీ బోర్డు ఉంది. రోడ్డు ఉంది, పేరుంది, లేక్ లేదు.

పళ్లికరణైని అప్పట్లో తమిళంలో కళువెలి అనేవాళ్లు. అరవైల్లో మా మేనమామతో బస్సులో అటు వెళ్లాను. వేలచ్చేరి దాటాక ఇటూ అటూ కనుచూపు మేర నీళ్లూ తుంగా. ఎండాకాలంలో ఆ నేల ఎండి పశువులు మేసేవి, వానాకాలంలో మళ్లీ సముద్రంలా ఉండేది. ఎవరి పేరునా పట్టా లేని నేల. శిస్తు రాని భూమిని లెక్కల్లో పోరంబోకు అని రాశారు. పన్ను లెక్కకి బయట ఉన్నదని ఆ మాటకి అర్థం. ఊరందరిదీ అని. ఇవాళ మనం తెలుగులో ఎవరినైనా తిట్టాలంటే పోరంబోకు అంటున్నాం. ఆ నేలనీ అలాగే చూశాం. ఎవరిదీ కాదు కాబట్టి చెత్త అక్కడ పోయండి, మురుగు అక్కడికి వదలండి, ఆఫీసు కట్టాలా, అక్కడ కట్టండి. 2022 ఏప్రిల్‌లో పెరుంగుడి చెత్త దిబ్బ రోజుల తరబడి కాలినప్పుడు వచ్చిన పొగ నువ్వూ పీల్చే ఉంటావు.

వరదలే కాదు, 2019 కూడా గుర్తు చేసుకోండి. ఈ ఊరికి తాగునీళ్లిచ్చే చెరువులు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం, నాలుగూ ఎండిపోయాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు, ఒక్కో రైలుకి 25 లక్షల లీటర్లు. మా వీధిలో ట్యాంకరు దగ్గర బిందెల వరస చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. 2015లో మునిగిన ఊరికి నాలుగేళ్లు తిరక్కుండానే గొంతు ఎండింది. 1983 ఒప్పందంతో వచ్చిన తెలుగుగంగ నీళ్లు తాగే ఊరు ఇది. వందల కిలోమీటర్ల అవతలి కృష్ణ నీళ్లు కావాలి, గుమ్మం ముందు పడ్డ వాన మాత్రం నిలబడే చోటు ఉండకూడదు.

పిట్టల కోసం | శనివారం, రాత్రి 8.15

నేను ప్రతి ఆదివారం పొద్దున బైనాక్యులర్ పట్టుకుని రేడియల్ రోడ్డు మీద నిలబడతాను. ఈ రోడ్డే చిత్తడిని రెండు ముక్కలు చేసింది. పోయిన వారం నీలిరంగు బొల్లికోడి ఒకటి జమ్ము కాడని కాలితో పట్టుకుని, మనం చెరుకుముక్క పట్టుకున్నట్టు, లోపలి తెల్లటి గుజ్జు కొరికి తింటోంది. దాని వెనక ప్లాస్టిక్ సంచి ఒకటి కాడకి చిక్కుకుని గాలికి ఊగుతోంది. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఎప్పుడూ ఉంటాయి. చలికాలంలో ఉత్తరాది నుంచీ ఇంకా దూరం నుంచీ బాతులు, ఉల్లంకి పిట్టలు వస్తాయి. నీళ్లు తగ్గితే రాజహంసలు. ఇదంతా పక్కన లారీలు హారన్ కొడుతుండగా.

టెస్టర్ అన్నా, కొంగల కోసం పిల్లలు రోడ్డున పడాలా అన్నావు. కొంగ అక్కడ ఉందంటే కింద నత్త ఉంది, నత్త ఉందంటే నీళ్లలో ఇంకా ప్రాణం ఉంది, ఆ నీళ్లు మీ బోరులోకి ఇంకుతున్నాయి. గుర్రపుడెక్క అంచులు దాటి కమ్ముకొచ్చిన చోట మురుగు ఎక్కువైందని నాకు తెలిసిపోతుంది. నాకు అవి ల్యాబ్ రిపోర్టు లాంటివి.

సూళ్లూరుపేట మాస్టారు | ఆదివారం, ఉదయం 6.30

రిటైరయ్యాక తాంబరంలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొదటి పోస్టులో ఆ తల్లి రామ్‌సర్ అంటే ఏమిటని అడిగింది, దానికింకా ఎవరూ జవాబివ్వలేదు. రామ్‌సర్ ఇరాన్‌లో కాస్పియన్ తీరాన ఉన్న ఊరు. 1971 ఫిబ్రవరి 2న చిత్తడి నేలల్ని కాపాడుకోవాలని కొన్ని దేశాలు అక్కడ ఒప్పందం చేసుకున్నాయి. అందుకే ఏటా ఆ రోజు చిత్తడి నేలల దినం. మన దేశం 1982లో చేరింది. మొదట జాబితాకెక్కినవి చిల్కా, భరత్‌పూర్ కేవలాదేవ్. 2022 ఆగస్టుకి 75 అయ్యాయి, తర్వాత ఇంకా పెరిగాయి. రాష్ట్రాల్లో ఎక్కువ ఉన్నది తమిళనాడులోనే. కానీ పేరు జాబితాకి ఎక్కినంత మాత్రాన కట్ట తెగకుండా ఆగదు. మా కొల్లేరు చెల్లెమ్మ చెప్పింది కదా. ప్రపంచం మొత్తంమీద 1970 నుంచి 2015 లోపు చిత్తడి నేలల్లో 35 శాతం పోయాయి. అడవులకంటే మూడింతల వేగం.

అయినా ఆశ వదలక్కర్లేదు. ఇక్కడికి రెండు గంటల దూరంలో వేడంతాంగల్ ఉంది. అక్కడి రైతులు 1798లోనే ఆనాటి కంపెనీ కలెక్టరు దగ్గర మా చెరువు పిట్టల్ని ఎవరూ కాల్చకూడదని హామీ పత్రం రాయించుకున్నారు. ఆ రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకి తెలుసు. మా నేలపట్టులోనూ అంతే. చింతచెట్టు మీద కాకి వాలితే తోలేస్తారుగానీ, గూడబాతు గూడు కట్టుకుందంటే పిల్లలు కూడా గట్టిగా అరవరు. పిట్టలు వచ్చిన ఏడు పంట బాగుంటుందని నమ్మకం. నేను బడిలో సైన్స్ చెప్పేటప్పుడు ముందు ఆ నమ్మకం చెప్పి, తర్వాత నత్రజని గురించి చెప్పేవాడిని. పులికాట్‌కి మాత్రం రాయదొరువు ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీళ్లు లోపలికి రావడం తగ్గింది. జాలర్లు వేరే పనులకి చెన్నై వస్తున్నారు. మా ఊరి కుర్రాడొకడు ఇక్కడ మా వీధిలోనే వాచ్‌మన్.

నేలా పునాదీ | ఆదివారం, ఉదయం 10.00

టెస్టర్ గారూ, మీ ఫ్లాట్ కూల్చాలని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కన్నగినగర్, సెమ్మంచేరి, పెరుంబాక్కం గుర్తు చేసుకోండి. ఊరి నడుమ కాలువ గట్టున ఉన్న పేదల గుడిసెలు తీసేసి, తెచ్చి ఈ పల్లపు నేలల్లోనే ఇళ్లిచ్చారు. ప్రతి వరదకీ వాళ్లే ముందు మునుగుతారు. కాబట్టి కాపాడటం అనే మాట కూడా బలహీనుడి ఇంటి దగ్గరే మొదలవకూడదు. ఇప్పుడు మిగిలింది మిగలాలి, మూసుకుపోయిన కాలువలు తెరవాలి.

చట్టం సంగతి చెప్తాను. 2017 చిత్తడి నేలల నిబంధనల ప్రకారం గుర్తించిన చిత్తడి నేలలో చెత్త పోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం, వేరే వాడకానికి మార్చడం నిషేధం. గత పదేళ్ల సగటు గరిష్ఠ నీటిమట్టం నుంచి 50 మీటర్ల లోపు పక్కా కట్టడం కూడదు. కానీ అదే నిబంధనలు సాగునీటికీ తాగునీటికీ మనుషులు తవ్విన చెరువుల్ని లెక్కలోంచి తీసేశాయి. నాకు ఇది మింగుడుపడదు. తమిళనాడులో సుమారు 39 వేల చెరువులున్నాయి. సెంబాక్కం, కీళ్కట్టలై లాంటివి తీసేస్తే పళ్లికరణైకి నీళ్లు తెచ్చే గొలుసే తెగిపోతుంది. చివరి పూసని కాపాడి దారం వదిలేస్తే ఎలా?

ఇంకోటి. పళ్లికరణైలో 317 హెక్టార్లు 2007 నుంచి రిజర్వు ఫారెస్టు. 2025 సెప్టెంబరులో హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్, చిత్తడి మీద ప్రభావం చూపే ప్రాంతం ఎంతవరకో తేల్చేదాకా రామ్‌సర్ హద్దు నుంచి కిలోమీటరు లోపు కొత్త కట్టడాలకి అనుమతి ఇవ్వొద్దంది. కాబట్టి అమ్మా, మీరు ఆ సైటు ఎంత దూరమో ముందు కొలవండి. సర్వే నంబరు అడగండి. ఆన్‌లైన్లో పట్టా, ఎ రిజిస్టరు అనే ఊరి భూముల లెక్క, ఎఫ్ఎంబీ అనే సర్వే కొలతల పటం చూడండి. పటంలో వాయ్కాల్ అని గీత ఉంటే అది కాలువ. ఆ గీత నేలమీద ఎక్కడుందో వెళ్లి కళ్లతో చూడండి.

కొల్లేటి ఆడపడుచు | ఆదివారం, ఉదయం 10.25

వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చూడాలి. ఇల్లమ్మేవాళ్లు ఎప్పుడూ మార్చిలోనే చూపిస్తారు.

వేలచ్చేరి గృహిణి | తర్వాతి శనివారం, రాత్రి 9.10

ఆలస్యానికి క్షమించండి. సర్వే నంబరు కోసం ఆ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. పట్టా ఉంది, అందులో తేడా ఏమీ కనిపించలేదు. కానీ ఎఫ్ఎంబీలో స్థలం తూర్పు అంచున వాయ్కాల్ గీత ఉంది. ఇవాళ పొద్దున మావారూ నేనూ పిట్టల కోసం గారితో కలిసి వెళ్లి చూశాం. గీత ఉండాల్సిన చోట కాంపౌండ్ గోడ ఉంది. గోడకి అటువైపు కాలువ సగంలోనే ఆగిపోయి, నీళ్లు నిలబడి, గుర్రపుడెక్క పెరిగింది. మావారు చాలాసేపు ఆ గోడనే చూస్తూ నిలబడ్డారు. అక్కడ నిలిచిన నీళ్లు మా వీధి వైపే తిరుగుతున్నాయి. ఈ ఇంటి గోడ మీద ఉన్న గీత ఆ గోడ వల్ల కూడా అయి ఉండొచ్చని ఇంటికొచ్చాక ఆయనే అన్నారు.

అడ్వాన్స్ ఇవ్వడం లేదు. మెట్ట వైపు రెండో అంతస్తులో అద్దెకి చూసుకుంటాం. కానీ ఆ కాలువ సంగతి వదలబుద్ధి కావడం లేదు. కలెక్టరేట్‌లో అర్జీ పెడదామనుకుంటున్నాం. ఎఫ్ఎంబీ కాపీ, మేం తీసిన ఫొటోలు జతచేస్తాం. దానికి ఎవరెవరు సంతకం చేస్తారు?

ఓఎంఆర్ టెస్టర్ | శనివారం, రాత్రి 9.45

అక్కా, ఆ కాలువ ముందుకి వెళ్తే మా అపార్ట్‌మెంట్ వెనక్కే రావాలి. మూడు రోజులు మేం ఎందుకు బయటికి రాలేకపోయామో ఇప్పుడు అర్థమైంది. నా ఫ్లాట్ విషయంలో నా మాట నాదే. కాలువ తెరవాలన్నదాంట్లో మాత్రం మీతో ఉన్నాను. మా బ్లాక్‌లో అడిగాను, పద్నాలుగు మంది సంతకం చేస్తామన్నారు. అర్జీ తమిళంలో ఉంటే మంచిది కదా. పెరంబూరు తాతయ్యగారూ, కొంచెం చూసిపెడతారా?

పెరంబూరు తాతయ్య | శనివారం, రాత్రి 9.58

పంపు బాబూ. సర్వే నంబరు స్పష్టంగా రాయి, పాత ఊరి పేరు కూడా పెట్టు. ఈ రాత్రికే చూస్తాను.